మాయ పంపిన మాట

పురిటి గది బయట కూర్చున్న పెద్దావిడ, లోపలి నుంచి వచ్చిన నర్సును రెండే అడుగుతుంది: బిడ్డ ఏడ్చిందా, మాయ పడిందా. ప్లాసెంటాకు మాయ అని పేరు పెట్టినవారెవరో గానీ, అంతకు మించిన శ్లేష మన భాషలో నాకు తగల్లేదు. తొమ్మిది నెలలు బిడ్డకు తానే ఊపిరితిత్తి, తానే మూత్రపిండం, తానే వంటిల్లు. బిడ్డ సొంతంగా ఊపిరి పీల్చుకున్న కాసేపటికి, తన వేషం అయిపోయిందన్నట్టు జారిపడిపోతుంది.

ఆ మాయ బిడ్డ నెత్తుట్లోకి ఎడతెగకుండా పంపే ఒక మాట ఉంది. కొన్నాళ్లుగా నేను దాని మత్తులో ఉన్నాను. దాని పేరు ప్రోస్టాగ్లాండిన్ ఈ2, పొట్టిగా పీజీఈ2. పేరు చూసి పేజీ తిప్పేయకండి. ఆ పేరు ఒక పొరపాటు, ఆ కథ తర్వాత చెబుతాను. ఇరవై కార్బన్ల గొలుసు, అందులో ఐదు కార్బన్లు చేతులు కలిపి కట్టిన చిన్న ఉంగరం, దాని నుంచి ఒకే దిక్కుకు సాగిన రెండు తోకలు. బొమ్మ గీస్తే జడపిన్నులా ఉంటుంది. ఇంత అల్పాక్షరమైన రచన, గర్భంలో పెరుగుతున్న బిడ్డ ఒంట్లో ఒక్కో అవయవానికి ఒక్కో అర్థం చెబుతుంది. కిడ్నీకి ఒకటి, బీజకోశానికి ఒకటి, గుండె పక్కనున్న రక్తనాళానికి మరొకటి. కావ్యం చదివి ఏనాడో ఇంత పులకించి ఉంటాను.

దీని పుట్టుక ఇలా. ప్రతి కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలో అరాకిడోనిక్ ఆమ్లం అణువులు పొందికగా ఇమిడి ఉంటాయి. కబురు రాగానే ఒక ఎంజైము వాటిని పొరలోంచి కోసి వదులుతుంది. కాక్స్ అనే రెండో ఎంజైము వాటిని తన లోపలి సన్నని సొరంగంలోకి లాక్కుని, రెండు ఆక్సిజన్ అణువులను అతికించి, మెలిపెట్టి, పీజీహెచ్2 అనే పదార్థంగా బయటికి పంపుతుంది. అసలు రుచి ఇక్కడ మొదలవుతుంది. పీజీహెచ్2 దానంతట అది నిలవదు. ఒంటి వేడికి కొద్ది నిమిషాల్లో విరిగిపోతుంది. అవధానంలో పృచ్ఛకుడు విసిరిన సమస్యాపాదం లాంటిది అది. విడిగా చూస్తే అర్థం కుదరదు, ఎవరో ఒకరు గడువులోపల పూరించాలి. రక్తనాళపు లోపలి పొర పూరిస్తే అది ప్రోస్టాసైక్లిన్: నాళాన్ని సడలించు, ప్లేట్‌లెట్లను అంటుకోనివ్వకు అని భావం. అదే పాదాన్ని ప్లేట్‌లెట్ పూరిస్తే థ్రాంబాక్సేన్: బిగించు, గడ్డకట్టించు. మెదడులో పూరణ పీజీడీ2, దాని భావం నిద్ర. మాయలో, ఉమ్మనీటి సంచి పొరలో, ఇంకా ఎన్నో చోట్ల పూరణ మన పీజీఈ2.

ఏ కణం ఏ పూరణ చేస్తుందన్నది ఆ కణంలో ఏ జన్యువు గొంతెత్తింది అన్న దాని మీద ఉంటుంది. జన్యు వ్యక్తీకరణ అని శాస్త్రజ్ఞులు పొడిగా అనే మాటకు మన కావ్యమీమాంసలో తడి మాట ఒకటి ఉంది: ఔచిత్యం. పదకొండో శతాబ్దపు కాశ్మీరంలో క్షేమేంద్రుడు రసానికి ప్రాణం ఔచిత్యమే అని పట్టుబట్టాడు. ఏ నగ అయినా ఉండాల్సిన చోట ఉంటేనే అందం. వడ్డాణం మెడలో వేసుకుంటే నవ్వులపాలు. గర్భస్థ శిశువులో ప్రతి కణానికీ జన్యుగ్రంథం ఒకటే. కిడ్నీలో ఉన్నదీ, కంటిలో ఉన్నదీ అవే పుటలు. ఎక్కడ ఏ పుట తెరవాలి, ఎన్నో వారంలో తెరవాలి, ఎప్పుడు మూసేయాలి అన్నదే రచన. ఏ అవయవంలో ఏ ప్రోస్టాగ్లాండిన్ ఎంజైము ఏ వారంలో కనిపించిందో చూపే పట్టికలు పరిశోధన పత్రాల్లో నిర్లిప్తంగా పడి ఉంటాయి. వాటిని నేను ఔచిత్య చర్చలుగా చదువుకుంటాను.

ఒక పాథాలజిస్టు మిత్రుడి పక్కన కూర్చుని ఇలాంటి గాజుపలకలు కొన్ని చూశాను. కణజాలాన్ని వెంట్రుకకన్నా పలుచగా తరిగి, ఎంజైమును వెతికి పట్టుకునే యాంటీబాడీ పోసి, రంగు కడతారు. ఎంజైము ఉన్నచోట గోధుమ రంగు, మిగతాచోట కణకేంద్రకాల లేత నీలం. కళ్లు నీలానికి అలవాటు పడ్డాక, గొట్టాల అంచున వరసగా గోధుమ రంగు కణాలు కనబడితే, నిండు సభలో ఒక్కరే పాడుతున్నట్టు ఉంటుంది. ఇక్కడ ఒక మాట చెప్పకుండా దాటిపోవడం మర్యాద కాదు. మనిషి పిండంలో ఏ జన్యువు ఎక్కడ పలుకుతుందో తెలియడానికి చాలావరకు ఆధారం, గర్భస్రావం చేయించుకున్న స్త్రీలు అడిగితే ఒప్పుకుని, సంతకం పెట్టి ఇచ్చిన కణజాలం. ఏ పత్రంలోనూ వాళ్ల పేర్లుండవు, ఉండకూడదు కూడా. పట్టిక చదివేటప్పుడు మాత్రం వాళ్లు గుర్తుకొస్తారు.

బీజకోశాల సంగతి క్లుప్తంగా. ఎలుక పిండంలో వృషణం ఏర్పడే తొలి గంటల్లో, కొన్ని కణాలు మగ దారి పట్టగానే పీజీడీ2 తయారుచేసి చుట్టుపక్కల తటపటాయిస్తున్న కణాలను కూడా తమ దారిలోకి తిప్పుకుంటాయి. మనిషి పిండపు అండకోశంలో పూరణ వేరు. అండాలుగా మారబోయే బీజకణాలే పీజీఈ2 తయారీ సరంజామా పెట్టుకుని ఉంటాయని ఎడింబరో పరిశోధకులు 2009లో చూపారు. అంటే ఒక ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే, ఆమెకు ఎన్నడో పుట్టబోయే బిడ్డల బీజాల మధ్య ఈ మాట నలుగుతూ ఉంటుంది.

కిడ్నీ గురించి ఒక్కటే. గర్భం సగం దాటాక ఉమ్మనీరు చాలావరకు బిడ్డ మూత్రమే. బిడ్డ కిడ్నీకి రక్తప్రవాహం సరిగా అందడంలో ప్రోస్టాగ్లాండిన్ల పాత్ర ఉంది. అందుకే 20 వారాలు నిండాక నొప్పి మాత్రల్లో ఐబూప్రొఫెన్ జాతివి వాడవద్దని, బిడ్డ కిడ్నీ దెబ్బతిని ఉమ్మనీరు తగ్గవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 అక్టోబరులో హెచ్చరించింది. (డాక్టరు రాసి ఇచ్చే తక్కువ మోతాదు ఆస్పిరిన్ సంగతి వేరు. ఈ వ్యాసం చదివి దాన్ని మానేయకండి.) తల్లి నడుం నొప్పికి వేసుకున్న మాత్ర, బిడ్డ ఒంట్లో ఒక పద్యాన్ని మధ్యలో ఆపేస్తుందన్నమాట.

ఇంతవరకూ రాసేవాళ్ల గొప్ప చెప్పాను. చెరిపేవారి గొప్ప ఇంతకన్నా పెద్దది, నా పక్షపాతం అటే. హెచ్‌పీజీడీ అనే జన్యువు నుంచి వచ్చే ఎంజైము ఒకటుంది. అది పీజీఈ2 అణువులో పదిహేనో కార్బన్ దగ్గర రెండు హైడ్రోజన్లు తీసేస్తుంది. అంతే. పద్యం చింపదు, పాదం కొట్టేయదు, ఒక్క అక్షరం మార్చి ఊరుకుంటుంది. ఆ తర్వాత ఆ మాట ఏ చెవికీ ఎక్కదు. ఉమ్మనీటి సంచి రెండు పొరల్లో దీని కాపలా చూడండి. లోపలి పొర ఆమ్నియాన్ పీజీఈ2ని ధారాళంగా తయారుచేస్తుంది. దానికి ఒరుసుకునే ఉన్న బయటి పొర కోరియాన్ నిండా ఈ చెరిపే ఎంజైము. బిడ్డ వైపు పుట్టిన మాట గర్భాశయపు కండరం చెవిన పడకుండా మధ్యలోనే చెరిగిపోతుంది. పడిందా, నొప్పులే. నెలలు నిండి ప్రసవం దగ్గర పడ్డాక కోరియాన్‌లో ఈ కాపలా సడలుతుంది. నొప్పులు రాని తల్లికి ఆసుపత్రిలో "జెల్ పెట్టారు" అంటాం చూడండి, చాలాసార్లు ఆ జెల్‌లో ఉండేది పీజీఈ2నే. లోపలినుంచి రావలసిన మాటను బయటినుంచి అందించడం.

ఇక నన్ను పట్టి ఊపేసిన ఘట్టానికి వస్తాను. ఆరంగుళాల ఉపోద్ఘాతం అర అంగుళం రక్తనాళం కోసం.

గర్భంలో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి ఉండదు, నీరుంటుంది. అక్కడికి ఎక్కువ రక్తం పంపి ప్రయోజనం లేదు. అందుకని కుడి గుండె పుపుస ధమనిలోకి తోసిన రక్తంలో ఎక్కువ భాగం ఒక అడ్డదారిన బృహద్ధమనిలోకి దాటి, అక్కడినుంచి బొడ్డుతాడు మీదుగా మాయకు వెళుతుంది. ఆ అడ్డదారి పేరు డక్టస్ ఆర్టీరియోసస్. సందు కాదు, ఆ వయసు బృహద్ధమనికి దాదాపు దీటైన వెడల్పు రహదారి. దాని గోడ మాత్రం ఇరుగుపొరుగు నాళాల్లాంటిది కాదు. వాటి గోడల్లో సాగే నారలెక్కువ, దీనిలో కండరమెక్కువ. మూసుకోవాలన్నదే ఆ కండరం స్థాయీభావం. ఏర్పడిన దగ్గర్నుంచీ బిగుసుకోవాలని తహతహలాడే నాళాన్ని నెలల తరబడి తెరిచి పట్టుకున్నది మాయ పంపిన మాట. పీజీఈ2 వచ్చి గోడలోని ఈపీ4 అనే గ్రాహకం చెవిలో పడినంతసేపూ కండరం సడలి ఉంటుంది.

ఈ అల్లికలోని నేర్పు నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. పీజీఈ2ని చెరిపేసే ఎంజైము శరీరంలో విరివిగా ఉన్న చోట్లలో ఊపిరితిత్తులొకటి. ఆ మాటను మోసుకొచ్చిన రక్తం ఊపిరితిత్తుల గుండా ఒక్కసారి పోతే చాలు, అత్యధిక భాగం చెరిగిపోతుందని 1967లోనే ఫెరైరా, జాన్ వేన్ అనే పరిశోధకులు చూపారు. గర్భంలో ఆ మాట ఎందుకు బతికి ఉంది? రక్తం ఊపిరితిత్తులకు అంతగా పోవడం లేదు కనుక. ఎందుకు పోవడం లేదు? డక్టస్ తెరిచి ఉండి పక్కకు మళ్లిస్తోంది కనుక. డక్టస్ ఎందుకు తెరిచి ఉంది? ఆ మాట బతికి ఉంది కనుక. పాదం ఎక్కడ ముగిసిందో అక్కడి మాటతోనే తర్వాతి పాదం మొదలుపెట్టడాన్ని మన ఆలంకారికులు ముక్తపదగ్రస్తం అన్నారు. ఇక్కడ చివరి పాదం విడిచిన మాటను మొదటి పాదం అందుకుంటుంది. ఎక్కడా కొస దొరకదు.

కొస దొరికేది బిడ్డ ఏడ్చినప్పుడే. మొదటి ఏడుపుతో ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి, రక్తం అటు ఉరుకుతుంది. ఇన్నాళ్లూ తన గుమ్మంలోకి అంతగా రాని మాటను హెచ్‌పీజీడీ ఎడాపెడా చెరిపేస్తుంది. అదే వేళకు బొడ్డు కోశారు, మాయ పడింది, మాట పుట్టే చోటే లేకుండా పోయింది. రక్తంలో ఆక్సిజన్ పెరిగింది, అది కూడా ఆ కండరాన్ని బిగించమనే చెబుతుంది. మూడు వైపుల నుంచీ ఒకే సంకేతం. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతమైన బిడ్డలో రెండు మూడు రోజులు తిరిగేసరికి ఆ దారి మూతపడుతుంది. ఇంట్లో వాళ్లు పోలికల గురించి వాదులాడుకుంటూ ఉండగా, గుక్కెడు పాలు తాగి పడుకున్న బిడ్డ గుండె పక్కన ఇదంతా జరిగిపోతుంది. ఈ రసానికి పేరేమిటని ఆలోచించాను. అద్భుతం అనబోయి ఆగాను. వియోగం లేకుండా ఈ ఘట్టం లేదు. మాయను విడవనిదే ఊపిరి లేదు. కరుణను అడుగున ఉంచుకున్న అద్భుతం అంటే ఒప్పుతుంది.

ఇక్కడితో ఆగినా గొప్ప రచనే. కానీ 1997లో ఎలుకలు ఒక చిక్కు తెచ్చిపెట్టాయి. ఈపీ4 గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకలవి. తెరిచి పట్టుకునే మాట వినబడే చెవే లేదు కనుక డక్టస్ ముందే మూసుకుపోతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది తలకిందులు. పుట్టాక అది మూసుకోలేదు, పిల్లలు చాలావరకు చనిపోయాయి. 2002లో హెచ్‌పీజీడీ లేని ఎలుకల్లోనూ డక్టస్ మూసుకోలేదు. అది ఊహించినదే, చెరిపేవాడు లేడు. మొదటిదే అంతుబట్టలేదు. 2006లో జపాన్ పరిశోధకులు దాని లోపలి అర్థం బయటపెట్టారు. పీజీఈ2 కండరాన్ని సడలించడంతో ఊరుకోదు. అదే ఈపీ4 ద్వారా గోడ లోపలి కణాల చేత హయలురోనిక్ ఆమ్లం అనే జిగురు పదార్థాన్ని కూడబెట్టించి, లోపలి పొరను దిండులా ఉబ్బేలా చేస్తుంది. కండరం బిగిసిన రోజున ఆ దిండ్లే ఒకదానికొకటి ఒత్తుకుని దారిని పూడుస్తాయి. దిండ్లు లేకపోతే ఎంత బిగిసినా పూర్తిగా పూడదు.

తెరిచి ఉంచే మాటలోనే మూసివేతకు సన్నాహం ఉందన్నమాట. వాచ్యార్థం: తెరిచి ఉండు. వ్యంగ్యార్థం: మూసుకోవడానికి సిద్ధపడు. రెండూ ఒకే శబ్దం, ఒకే చెవి, ఒకే సమయం. ధ్వని సిద్ధాంతానికి ఉదాహరణలు చెప్పమంటే ఇంతకాలం పాఠ్యపుస్తకాల్లోవే అప్పజెప్పేవాడిని. ఇకమీదట దీన్ని చెబుతాను. పెళ్లీడు కూతురు ఉన్న తల్లి రోజూ అన్నం పెడుతూనే సారె సర్దిపెట్టుకున్నట్టు ఉంటుంది.

రసభంగమూ లేకపోలేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలో దిండ్లు తయారై ఉండవు, ఊపిరితిత్తుల్లో చెరిపే పని ఇంకా చాలదు, నాళం కూడా ఆ మాటకు మరీ మెత్తబడి ఉంటుంది. దారి తెరిచే ఉండిపోతుంది. ఇరుగుపొరుగు "గుండెలో రంధ్రం అట" అనుకునే వాటిలో కొన్ని నిజానికి ఇవే. డాక్టర్లు పీడీఏ అంటారు. బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ 1938లో ఛాతీ తెరిచి ఆ నాళానికి ముడి వేసి మూశాడు. 1976లో ముడి అక్కర్లేని దారి దొరికింది: కాక్స్ ఎంజైమును ఆపే ఇండోమెథసిన్ మందు. సమస్యాపాదాన్నే ఇవ్వకపోతే పూరణెక్కడిది? ఇంచుమించు ఆ కాలంలోనే టొరంటోలో ఒలీ, కొచ్చానీ అనే పరిశోధకులు దీనికి సరిగ్గా ఎదురు పని చేశారు. కొందరు పిల్లల గుండె కట్టడంలోనే లోపముంటుంది; డక్టస్ మూసుకుంటే ఒళ్లు నీలంగా మారుతుంది, ప్రాణం పోతుంది. అలాంటి బిడ్డకు ప్రోస్టాగ్లాండిన్ ఈ1 డ్రిప్పు పెట్టి, శస్త్రచికిత్స దాకా ఆ దారిని తెరిచి ఉంచడం. మోతాదు కిలో బరువుకు నిమిషానికి నానోగ్రాముల్లో. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లవ వంతు. ఇవాళ హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక నీలి బిడ్డను అంబులెన్సులో పెద్దాసుపత్రికి తరలిస్తున్నారంటే, పక్కన వేలాడే సంచిలో తరచూ ఉండేది ఈ మందే.

ఆ డ్రిప్పులో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. కొందరు పిల్లలు ఉన్నట్టుండి ఊపిరి పీల్చడం మానేస్తారు. అందుకే వెంటిలేటరు దగ్గర పెట్టుకునే ఈ మందు ఎక్కిస్తారు. కారణం గర్భంలోనే ఉంది. గొర్రె పిండాల మీద చేసిన ప్రయోగాల్లో, మాయ నుంచి వచ్చే పీజీఈ2 పిండం శ్వాస కదలికలను అణచి ఉంచుతుందని తేలింది. అప్పుడే పీల్చుకోనక్కర్లేదు, నేనున్నాను అని మాయ చెప్పేది. పుట్టిన బిడ్డకు అదే కుటుంబపు మాట సూదిలోంచి వినబడితే, మెదడులోని శ్వాస కేంద్రం మళ్లీ ఆ పాత భరోసాకు లోబడిపోతుంది.

పేర్ల కథ చెబుతానన్నాను. 1930లో న్యూయార్కులో కర్జ్‌రాక్, లీబ్ అనే ఇద్దరు, వీర్యం తగిలితే గర్భాశయపు ముక్క బిగుసుకోవడమో సడలడమో గమనించారు. స్వీడన్‌లో ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్ 1935లో ఆ పదార్థం ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తుందనుకుని ప్రోస్టాగ్లాండిన్ అన్నాడు. వీర్యంలోకి అది ప్రధానంగా వచ్చేది శుక్రకోశాల నుంచి; ఆ మాటకొస్తే ఒంట్లో దాదాపు ప్రతి కణజాలమూ దాన్ని చేయగలదు. డక్టస్‌కు బొటాలో నాళమని మరో పేరుంది. 16వ శతాబ్దపు బొటాలో వర్ణించింది దాన్ని కాదు, గుండె గదుల మధ్య ఉండే వేరే రంధ్రాన్ని. రెండు తప్పు పేర్లున్న పాత్రలు కలిసి ఇంత చక్కని నాటకం ఆడటం నాకు ముచ్చటగా ఉంటుంది. బెర్గ్‌స్ట్రామ్, సామ్యుయెల్సన్, వేన్ ఈ అణువుల మీద పనికి 1982లో నోబెల్ అందుకున్నారు. మాయ అని పేరు పెట్టిన మన పెద్దావిడకు ఏమీ రాలేదు.

చెరిపే ఎంజైము లేకుండా పుట్టిన మనుషులూ ఉన్నారు. హెచ్‌పీజీడీ జన్యువు రెండు ప్రతులూ చెడితే వేళ్ల కొసలు గుండ్రంగా ఉబ్బి, గోళ్లు గిన్నెలు బోర్లించినట్టవుతాయని 2008లో తేలింది. వాళ్లలో కొందరికి చిన్నప్పుడు డక్టస్ కూడా మూసుకోలేదు. పుట్టాక చెరగాల్సిన మాట చెరగకుండా ఉండిపోతే, అది జీవితమంతా వేలి కొసల మీద చదువుకోవచ్చు.

మనలో మూసుకున్న డక్టస్ రెండు మూడు వారాల్లో పీచుగా మారి, తాడులా మిగిలిపోతుంది. గుండె శస్త్రచికిత్స చేసేవారికి అది రోజూ కనిపించేదే. మెడలోంచి దిగివచ్చిన ఒక నాడి ఆ తాడు పక్కగా, బృహద్ధమని వంపు కిందుగా చుట్టుకుని, మళ్లీ పైకి మెడలోకి వెళుతుంది. అది ఎడమ స్వరతంత్రిని కదిలించే నాడి.